నైరుతి మూల పల్లం

2023 ఏప్రిల్. రెడ్‌మండ్‌లో వానలు ఇంకా తెరిపివ్వలేదు. వాలు పెరళ్ళను సరిచేసి తోటలు వేయడం నా పని. ఏళ్ళ తరబడి ఈ కొండవాలు ఇళ్ళ వెనక బురద తొక్కుతున్నాను. ఆ రోజు రఘు, శ్రావణి దంపతులు పిలిస్తే వెళ్ళాను.

పెరడు ఇంటి గోడ నుంచి కంచె దాకా జారుడుబల్లలా నైరుతి మూలకు దిగిపోయింది. కంచె అవతల పక్కింటి పెద్దావిడ కూరగాయల మళ్ళు.

"అక్కా, ఆ మూలంతా మట్టితో ఫిల్ చేసి, ఇంటికన్నా ఎత్తు లేపాలి," అన్నాడు రఘు.

"ఎందుకూ?"

"జనవరిలో లేఆఫ్‌లో నా ఉద్యోగం పోయింది. ఇండియాలో వాస్తు చూసే ఆయన వీడియో కాల్‌లో చూసి, నైరుతి పల్లమైతే యజమాని నిలవడన్నారు. మీ వల్ల కాకపోతే ఇల్లు అమ్మేస్తాను."

శ్రావణి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "ఎంత ఇష్టపడి కొనుక్కున్నామో! పిల్లది ఇప్పుడిప్పుడే స్కూల్లో సెటిల్ అయిందక్కా. ఎలాగైనా ఇల్లు నిలబెట్టండి."

నాకు ఒళ్ళు మండింది. అసలే నా నోరు ఊరుకోదు. "అంత మట్టి జారకుండా ఆపాలంటే మనిషి ఎత్తు దాటిన గోడ కట్టాలి. రిటైనింగ్ వాల్ అంటాం. దాని వెనక నీళ్ళు నిండితే గోడా మట్టీ కలిసి ఆ పెద్దావిడ మళ్ళలో పడతాయి. నేను చచ్చినా కట్టను," అన్నాను.

రఘు తల దించుకున్నాడు. "ఇంటర్వ్యూకి కూర్చుంటే కిటికీలోంచి ఆ పల్లమే కనిపిస్తోందక్కా. మాట తడబడుతోంది."

నా కోపం చప్పున చల్లారిపోయింది. పాపం, ఖాళీగా కూర్చున్న మనిషిని ఆ కిటికీ తినేస్తోంది.

"సరే, వాలును మెట్లు మెట్లుగా కోద్దాం. మోకాలెత్తు రాతి గోడలు చాలు. ఇంటి కప్పు మీంచి పడే నీళ్ళను పక్కకి మళ్ళించడానికి స్వేల్ తవ్వుదాం, అంటే లోతులేని కాలువ. పెద్ద బండలన్నీ నైరుతిలోనే వేస్తాను. కానీ నువ్వూ మా పనివాళ్ళతో పాటు రాళ్ళు మొయ్యాలి."

"నేనా! కీబోర్డు తప్ప నాకేం చేతకాదక్కా."

"పారకి పాస్‌వర్డ్ ఉండదులే, పట్టుకో."

"మరి వాస్తు?" అంది శ్రావణి భయంగా.

"నైరుతిలో బరువుండాలంటారుగా. కొండంత బరువు పెడుతున్నాం, ఇంకేం కావాలట?"

మొదటి వారమే రఘు అరచేతులు బొబ్బలెక్కాయి. అయినా మానలేదు. పొద్దున ఇంటర్వ్యూలు, మధ్యాహ్నం రాళ్ళు. వేసవి చివరికి కింది మెట్టు మీద మట్టిని వేళ్ళతో పట్టి ఉంచే ఫెర్న్ మొక్కలు, పై మెట్టు మీద శ్రావణి వేసిన మెంతికూర పచ్చగా లేచాయి.

అక్టోబరులో మొదటి పెద్దవాన కురుస్తుండగా రఘు ఫోన్ చేశాడు. హలో కూడా అనకుండా అడిగాను. "గోడ గానీ కూలిందా?"

"లేదక్కా! వానలోనే నిలబడి చూస్తున్నా. నీళ్ళు కాలువలోనే పోతున్నాయి. ఒక్క రాయి కదిలితే ఒట్టు!"

"ఉద్యోగం సంగతి?"

"ఇంకా రాలేదు. వస్తుందిలే అక్కా. ఇల్లు మాత్రం అమ్మట్లేదని, ఇళ్ళు అమ్మిపెట్టే రియల్టర్‌కి చెప్పేశా." వెనక నుంచి శ్రావణి, "ముందు లోపలికి రండి, జ్వరమొస్తుంది!" అని అరుస్తూ నవ్వుతోంది. నాకెంత సంతోషమేసిందో చెప్పలేను.

అప్పటి నుంచి ఎవరైనా వాలు తీసెయ్యమంటే, కొలతల టేపు బయటికి తియ్యకముందు వాళ్ళ పక్కన కూర్చుని, దాన్ని చూస్తే ఏం భయమేస్తోందో అడుగుతున్నాను.