దత్తాత్రి సేటు కట్టిన దారం

షోలాపూర్ దాజీ పేటలో చంద్రభాగ నోటికి జడవని మనిషి ఒక్కడే ఉండేవాడు. అతను ఆమె మొగుడు సిద్ధరాములు. ధైర్యం ఉండి కాదు. ఆమె తిట్టేది తననేనని అతనికి తట్టేది కాదు. పక్కింటి వాళ్లనేమో అనుకుని "పోనియ్యే, పాపం" అంటూ వాళ్ల తరఫున మాట్లాడేవాడు. తనకు తెలిసినవాళ్లంతా మంచివాళ్లేననీ, చెడ్డవాళ్లంటూ ఉంటే కొంతం చౌక్ అవతల ఎక్కడో ఉంటారనీ అతని నమ్మకం. ఇలాంటివాడితో కాపురం చేయడం పొద్దంతా బీడీలు చుట్టడం కంటే కష్టం. చంద్రభాగ ఆ రెండు పనులూ చేసేది.

1955లో దీపావళి వెళ్లిన వారానికి, దత్తాత్రి సేటు కార్ఖానాలో సిద్ధరాములు కుడిచేతి వేళ్లు మూడు సాంచ పళ్లచక్రాల్లో పడి నలిగిపోయాయి. మరమగ్గాన్ని అక్కడ అందరూ సాంచ అనే అంటారు. చక్రాల మీద ఉండాల్సిన రేకుమూత ఊడి చాలా రోజులైంది. ఊడిన మూతను సేటు వృథా పోనివ్వలేదు, ఇంట్లో నీళ్లతొట్టి మీద బోర్లించుకున్నాడు. సిద్ధరాములు చేతికి బొటనవేలు, చిటికెనవేలు మిగిలాయి. సేటు ఆసుపత్రికి వచ్చి కొబ్బరికాయా, కాగితం పొట్లంలో చక్కెరా ఇచ్చి, "నువ్వు మా ఇంటోనివి తమ్మీ, ఫికర్ జెయ్యకు" అన్నాడు. రెండు నెలలు సగం పగారు, అంటే సగం జీతం, పంపాడు. ఆ తర్వాత పగారు ఆగిపోయింది, ఫికర్ జెయ్యకు అన్న మాట మాత్రం దారిలో కనబడ్డప్పుడల్లా ఇస్తూనే ఉన్నాడు.

మాటను వండుకుని తినలేం గనుక చంద్రభాగ వాసుదేవ్ వకీలు దగ్గరికి పోయింది. ఆయన మరాఠీ మనిషే గానీ, సాలెవాళ్ల కేసులు చూసీ చూసీ మన భాష పట్టుబడింది. కార్ఖానాలో అవయవం పోయిన కూలీకి మాలక్, అంటే యజమాని, పరిహారం ఇచ్చి తీరాలని చట్టం ఉందట. గెలిచాకే ఫీజు ఇమ్మన్నాడు.

"కానీ ఒక్క మాట యాదుంచుకో బాయీ" అన్నాడు వకీలు. "దెబ్బ తాకిన నాటి నుంచి ఏడాది లోపల దరఖాస్తు పడాలె. నీ భర్త సొంతంగ వచ్చి కాయితం మీద బొటనవేలి అంగూటా వెయ్యాలె. దాటిందంటే దేవుడొచ్చినా నేను జేసేదేం లేదు."

శ్రావణమాసంలో వకీలు సేటుకు నోటీసు పంపాడు. నోటీసు అందుకున్న సేటు ఇంకో వకీలు దగ్గరికి పోలేదు. మార్కండేయ స్వామి గుడికి పోయాడు. వచ్చింది నూలుపున్నమ, పద్మసాలీలు స్వామికి రథం కట్టి ఊరేగించి, ఒకరికొకరు రక్షాదారాలు కట్టుకునే రోజు. గుడి ముందు పేటంతా గుమిగూడి ఉండగా సేటు సిద్ధరాములును పేరు పెట్టి పిలిచి, ఆ మొండి చేతిని తన చేతిలోకి తీసుకుని దారం కట్టాడు.

"అన్నదమ్ముల నడుమ కాయితాలేంది తమ్మీ?" అన్నాడు, గొంతు వణికిస్తూ.

సిద్ధరాములు భోరున ఏడ్చాడు. ఆడవాళ్లు కొంగులతో కళ్లొత్తుకున్నారు. పెద్దమనుషులు తలలూపారు. తలలూపడానికి ఖర్చు లేదు గదా! చంద్రభాగ మాత్రం దారాన్ని చూసింది. అందరూ కట్టే పచ్చి నూలు కాదది. సేటు కార్ఖానాలో దుప్పట్ల అంచులకు వాడే నూలు, రెండు పోగులు కలిపి గట్టిగా పురి పెట్టింది. ఉడకబెట్టినా రంగు పోదని షోలాపూర్ బజారంతా సేటు చెప్పుకునే సరుకు.

మర్నాడు వకీలు దగ్గరికి పోదాం లెమ్మంటే సిద్ధరాములు కదలలేదు.

"కట్టు చేతికుండంగ కట్టినోని మీద దావా ఏస్తరా? సామి ఊకుంటడా? అదే తెగిపోవాలె. లేకుంటె కట్టినోడే ఇప్పాలె."

ఇది ఏ పురాణంలో ఉందని ఎవరూ అడగలేదు. పెద్దమనుషులు మళ్లీ తలలూపారు. వాళ్లలో ఇద్దరు సేటు దగ్గర నూలు అరువు తెచ్చుకునేవాళ్లు.

"నేను దినాం వెయ్యి దారాలు కడ్త" అంది చంద్రభాగ. "ఒక్క బీడీ అన్న నన్ను అక్కా అన్నదా?"

సిద్ధరాములు కాసేపు ఆలోచించాడు. "బీడీకి నోరెక్కడిదే?" అన్నాడు.

అప్పటి నుంచి అతనికి దారాన్ని కాపాడటమే ఉద్యోగమైంది. స్నానం చేసేటప్పుడు చేయి పైకెత్తి పట్టుకునేవాడు. పడుకునేటప్పుడు గుండెల మీద పెట్టుకునేవాడు. పైగా పుట్టుకతోనే నేతగాడాయె, మధ్యమధ్య ఆ పురి చూసి మురిసిపోయేవాడు. "చూడవే, ఎంత పక్కా మాలో! సేటు నాకని మంచిది ఏరి కట్టిండు" అనేవాడు. మంచిది ఎందుకు ఏరాడో అతనికి తప్ప పేటలో కుక్కలకు కూడా తెలుసు. దసరా వెళ్లింది. దారం కొత్తపెళ్లికూతురిలా అలాగే ఉంది. వకీలు కబురు మీద కబురు పంపుతున్నాడు. చంద్రభాగ ఆకు కత్తిరించే కత్తెర చేతిలో పట్టుకుని ఎన్నిసార్లు ఆ మణికట్టు వంక చూసిందో. కత్తిరిస్తే దారం తెగుతుంది, మొగుడు మాత్రం వకీలు గుమ్మం తొక్కడు. పాపం తగిలిందని ఇంకా ముడుచుకుపోతాడు. కట్టినోడే ఇప్పాలె అన్నాడు గదా. అయితే కట్టినవాడి చేతే తెంపించాలి.

దీపావళి నాడు పొద్దున్నే ఆమె మొగుడికి ఉతికిన ధోవతి ఇచ్చి, ఇద్దరు పిల్లలకూ తలలు దువ్వి, "నడువుర్రి, బావగారింటికి బువ్వకు పోదాం" అంది. మొగుడి అన్న అంటే తనకు బావే గదా. సిద్ధరాములు ముఖం దీపంలా వెలిగింది. తన పెళ్లాం ఇన్నాళ్లకు దారిలో పడిందనుకున్నాడు, అమాయకుడు.

సేటు భార్య యమునాబాయి పండుగ గనుక కిమ్మనకుండా వడ్డించింది. మర్నాడు నలుగురూ మళ్లీ గుమ్మంలో నిలబడేసరికి ఆమె చేయి నడుముకు పోయింది.

"నిన్న పండుగ. ఇయ్యాల ఏంది?"

"ఇయ్యాల ఆకలి అక్కా" అంది చంద్రభాగ, కాళ్లు కడుక్కుంటూ.

మూడో రోజుకు కూర పలచబడింది. నాలుగో రోజుకు కూర మాయమై పచ్చడి మిగిలింది. యమునాబాయి గిన్నెలు నేలకేసి కొడుతుంటే సిద్ధరాములు మాత్రం, "వదినకు పని ఎక్కువైతుంది, జర సాయం జెయ్యరాదే" అని పెళ్లాన్ని మందలించాడు. కొంతం చౌక్ చాయ్ హోటల్లో సేటును చూసి జనం, "బావగారింట్ల ఇయ్యాల ఏం వండిండ్రు సేట్?" అని అడగడం మొదలుపెట్టారు. మగ్గం మీద నడుం పడిపోయిన ముసలాడొకడు, తనకూ ఒక దారం కట్టమని కార్ఖానా గేటు దగ్గర చేయి చాచి కూర్చున్నాడు.

అయిదో రోజు పగారు దినం. కూలీలంతా సేటు ఇంటి ముందు వరస కట్టి ఉన్నారు. సేటు భోజనానికి లోపలికి వచ్చేసరికి ఆయన పీట మీద సిద్ధరాములు కూర్చుని ఉన్నాడు. చంద్రభాగే కూర్చోబెట్టింది. "రా అన్నా, కూసో, కలిసి తిందాం" అన్నాడు సిద్ధరాములు, పక్కకు జరుగుతూ.

సేటు రెక్క పట్టి అతన్ని వాకిట్లోకి ఈడ్చాడు. దుప్పట్ల అంచులు కత్తిరించే కత్తెర తీసుకుని, అందరూ చూస్తుండగా దారం కసుక్కున కత్తిరించి పారేశాడు.

"ఇగ నువ్వెవనివో, నేనెవన్నో! కూలోనివి కూలోని లెక్కన ఉండు!"

"అందరిన్నరా?" అంది చంద్రభాగ వరసకేసి తిరిగి. విన్నారు. ఆరోజు పేటకు అంతకంటే రుచికరమైన మాట ఇంకోటి లేదు.

గెలిచినందుకు ఆమె ఎగిరి గంతేయాల్సింది. మొగుడి ముఖం చూసి ఆగిపోయింది. వేళ్లు పోయిన రోజు కూడా ఆ ముఖం అలా లేదు. తెగిన దారం కోసం కింద వెతుకుతున్నాడు. ఈ పని ఎవరో పగవాళ్లు చేసి ఉంటే చంద్రభాగ వాళ్లను దుమ్మెత్తిపోసేది. చేసింది తానే. అయినా గడువు ఆగదు గనుక, అతని చెయ్యి పట్టుకుని నేరుగా వకీలు ఇంటికి నడిపించింది. అంగూటా పడింది. గడువు ఇంకా దాటలేదు.

కేసు విచారణకు వచ్చిన రోజు సేటు తరఫు వకీలు నల్లకోటు సర్దుకుని లేచి వాదన మొదలుపెట్టాడు. ఈ సిద్ధరాములు కూలీయే కాడట. సేటుకు ఏనాటి నుంచో తమ్ముడి వరసట. ఆ వరసతోనే గుడి ముందు రక్ష కట్టించుకున్నాడట. పెళ్లాం పిల్లలతో సేటు ఇంట్లో వరసగా అయిదు రోజులు భోంచేశాడట, చివరికి సేటు పీట మీదే కూర్చున్నాడట. ఇంటి మనిషి ఇంటి పనిలో వేళ్లు తెంచుకుంటే కూలీల చట్టానికి ఏం సంబంధం?

తాను పన్నిన ఎత్తు తన మెడకే చుట్టుకుంది. చంద్రభాగ కొంగు నోట్లో కుక్కుకుంది. వాసుదేవ్ వకీలు కూడా ఆమె వంక చురుగ్గా చూశాడు. భోజనాల సంగతి ఆమె ఆయనకు చెప్పలేదు.

జడ్జి సిద్ధరాములును బోనులోకి పిలిచాడు. "ఈ సేటు నీకు ఏమవుతాడు?" అని మరాఠీలో అడిగాడు.

చంద్రభాగ కళ్లు మూసుకుంది. అన్న అంటాడు. ఆ నోటికి ఇంకో మాట రాదు. ఎదురుగా కూర్చున్న సేటు కూడా అదే ధీమాతో, ఆప్యాయంగా చిరునవ్వు నవ్వుతున్నాడు.

సిద్ధరాములు ఆ నవ్వును చాలాసేపు చూశాడు.

"మాలక్, సాబ్" అన్నాడు. "నేను పనోన్ని. నా యేల్లు ఆయన సాంచల పోయినయి. ఇన్నోళ్లు బయట ముప్పై మంది ఉన్నరు, కూలోని లెక్కన ఉండమన్నడు."

"మరి తమ్ముడివని ఎందుకు భోంచేశావు?"

"తమ్మీ అన్నడు, నమ్మిన" అన్నాడు సిద్ధరాములు. మొండి చేయి బోను మీద పెట్టాడు. "నమ్మింది నా తప్పు సాబ్. యేల్లు పోయింది ఆయన తప్పు. దేనికది రాసుకోండ్రి."

గుమాస్తా రెండోది మాత్రమే రాసుకున్నాడు. పరిహారం దాని మీదే వచ్చింది.