మబ్బు లేని ఆకాశం కింద వైప్పారు

మా వైప్పారును చూసి ఆంధ్ర నుంచి వచ్చే చుట్టాలు నవ్వేవారు. "ఇది ఏరా, బండ్లబాటా?" అని. నిజమే, ఏడాదిలో ఎక్కువ నెలలు అది ఉత్త ఇసుక. పడమటి కొండల్లో పుట్టి, సాత్తూరు వంతెన కింద నుంచి, విళాత్తికుళం నల్లరేగడి దాటి సముద్రంలో కలుస్తుందని బడిలో పటం మీద గీత గీయించారు. ఆ గీత కదులుతుందని నాకు తొంభైల్లో, ఒక ఎండాకాలం మొదట్లో తెలిసింది.

విళాత్తికుళం దగ్గర మా మేనత్త ఊళ్ళో మిరపకాయలు ఏట్లోనే ఆరబెట్టేవారు. రేగడి కళ్ళంలో కాయకు మట్టి అంటుతుంది. ఏటి ఇసుక శుభ్రం. పైన ఎండ, కింద సెగ. మామయ్య పోయాక అత్త ఒంటిచేత్తో పండించిన మొదటి పంట అది. ఏడాది మొత్తానికి ఆమెకున్నది ఆ ఇసుక మీది ఎరుపే.

ఉన్నట్టుండి ఏరు వస్తే ఎట్లా అని అడిగితే ఊరంతా ఒకటే మాట: "అమ్మ చెప్పకుండా రాదు." ఒడ్డునున్న అమ్మవారు పూజారి కలలో కనబడి చెప్పాకే ఏరు కదులుతుందట. కోవిల్‌పట్టి హేతువాద సభల్లో ఇలాంటి నమ్మకాలను ఉతికి ఆరేసేవాణ్ణి నేను.

ఆ రోజు విరుదునగర్‌లో సభ ముగించుకుని పొద్దున్నే ఇంటికి బస్సెక్కాను. సాత్తూరు వంతెన మీద బస్సు నెమ్మదించింది. కింద ఎర్రమట్టి నీళ్ళు ఒడ్డు నుంచి ఒడ్డుకు పారుతున్నాయి. పైన మబ్బుతునక లేదు. పక్కనున్నాయన, "కొండల్లో గట్టి వానంట" అన్నాడు. అత్త మిరపకాయలు గుర్తొచ్చాయి. కోవిల్‌పట్టిలో దిగి ఇంటికి పోకుండా విళాత్తికుళం బస్సు పట్టుకున్నాను. ఏరు ఒంపులు తిరుగుతుంది, దారి పొడుగునా ఇసుక దాన్ని తాగుతుంది, బస్సే ముందు చేరుతుంది. అదొక్కటే నా ధైర్యం.

"అత్తా, కాయ ఎత్తెయ్యి. సాత్తూరులో బస్సులోంచి చూసినా, ఏరు వస్తా ఉండాది."

అత్త ఆకాశం చూసింది. "ఎక్కడప్పా? ఆరని కాయ సాక్కుసంచిలో కడితే తెల్లబడిపోతాదే. అప్పుడు నువ్వు కొంటావా?"

పక్కన తన కాయ తిరగేస్తున్న రైతు నవ్వాడు. "పూజారికి కలలో రాని అమ్మ నీ అల్లుడికి బస్సులో అగుపడిందా అక్కా? మేడై ఎక్కి ఉపన్యాసాలిచ్చే అలవాటు, యాడ నిలబడినా పేచ్చే!"

సాత్తూరు వంతెన కాలు మీద నీళ్ళు ఎక్కడిదాకా ఉన్నాయో చేత్తో చూపించాను. అత్త నా చెయ్యి ఉన్న ఎత్తు చూసి కొంగు బిగించింది. పొద్దు గూకేలోగా ఇద్దరం కాయంతా సంచులకెత్తి ఒడ్డుకు చేర్చాం.

తెల్లవారింది. ఏరు పొడిగానే ఉంది. అత్త సంచిలో చెయ్యి పెట్టింది.

"కాయకు చెమట పట్టేసింది. ఇంక ఆగలేను" అని సంచి భుజానికెత్తుకుని ఏట్లోకి దిగబోయింది.

"పొద్దెక్కేదాకా ఆగత్తా."

"నీ పేచ్చు నమ్మి పంట కుళ్ళబెట్టుకోనా?"

అప్పుడు వినిపించింది, ఎండు తాటాకులు ఈడ్చుకొస్తున్నట్టు. మలుపులో ఒక నురుగు నాలుక తొంగిచూసింది. మోకాలెత్తు కూడా లేదు. ముళ్ళకంపలు, పేడ, తాటిమట్టలు నెట్టుకుంటూ, ఇసుక తాగినచోటల్లా బుసబుసమని బుడగలు వదులుతూ ఏటి వెడల్పంతా పరుచుకుంటూ వచ్చింది. పక్క రైతు అందినంత కాయ చాపలో పోగేసి ఒడ్డెక్కాడు. మిగిలింది నీటి ముందంచున ఎర్రగీతై సముద్రం వైపు సాగిపోయింది. నెత్తిమీద కడిగినట్టున్న నీలం.

నేనెన్నడూ ఎక్కని కొండమీద పడ్డ వాన, ఏ కలా ఏ కబురూ అక్కర్లేకుండా, నేల వాలు ఒక్కటే పట్టుకుని మా కాళ్ళ దగ్గరికి వచ్చింది. దేవుణ్ణి తీసేస్తే లోకంలో ఏం మిగులుతుందని సభల్లో అడిగేవారు. ఇది మిగులుతుంది. ఇంత మిగులుతుంది.

అత్త సంచి దించి నీళ్ళకు దణ్ణం పెట్టింది. "చూస్తివా, అమ్మ చెప్పకుండా రాలేదు. నిన్నే బస్సెక్కించి పంపిచ్చింది."

తడిచాప పక్కన కూలబడ్డ రైతు అంత దిగుల్లోనూ నవ్వాడు. "పూజారి పని పోయిందక్కా!"

అత్త మాటకు నా దగ్గర పెద్ద జవాబే ఉంది. కానీ నీళ్ళ మీంచి చూపు తిప్పుకోలేకపోయాను.

"పేచ్చు తరవాత. సాక్కు పట్టు" అంది అత్త.

ఊరి తారురోడ్డు వేడెక్కుతోంది. మా కాయంతా దానిమీద పరిచాం. పక్కనే, రైతుకు మిగిలిన కాస్తా. ఏరు చూడడానికి పరిగెత్తిన ఊరంతా ఆ ఎరుపును తొక్కకుండా అంచు వెంటే పోయింది.