బొమ్మసంద్ర గేటు దగ్గర ఇద్దరు మార్టినెజ్‌లు

పోయిన వారం మా కొడుకు వెంకటేశు చేయి ఫ్యాక్టరీ మిషన్లో పోవాల్సింది. పరుగున వచ్చి స్విచ్ ఆపింది మార్టినెజ్ అనే స్పెయిన్ ఇంజనీరంట. తోలు చీలింది గానీ వేళ్లు దక్కినాయి. ఆయన ఈ సాయంత్రమే విమానమెక్కి వాళ్ల దేశం పోతాడని తెలిసి, మా మగ్గం మీద నేసిన శాలువా ఒకటి కప్పి రావాలని బయలుదేరినాను. కట్టు విప్పని చేత్తో వెంకటేశును రావద్దన్నాను.

పొద్దున ఎనిమిదికి బెంగళూరు మార్కెట్లో చందాపుర బస్సెక్కినాను. మామూలు బస్సులో ఆధార్ చూపిస్తే ఆడోళ్లకు టికెట్టు డబ్బులు అడగరు. ఆ కార్డు ఉండాదా లేదా అని సిల్క్ బోర్డు స్టాపు వచ్చేలోపల నాలుగుసార్లు సంచీ తడిమినాను. గంటన్నరకు బొమ్మసంద్ర. అక్కడినుంచి ఆటోకు అరవై రూపాయలు. ఎవరి కోసమని ఆటో ఆయన అడిగితే చెప్పినాను. ఆయనకు ఫుట్‌బాల్ పిచ్చి. ఆ పేరుతో ఒకాయన గోల్ కాస్తాడు, ఇంకొకాయన గోల్ కొడతాడు, బాక్సింగులోనూ ఉండారని వరస పెట్టినాడు. అంతా ఒకే వంశమా అన్నాను.

"వంశమేందమ్మా, మన గౌడ అనే పేరు మాదిరి. బస్సులో కేకేస్తే పదిమంది తిరిగి చూస్తారు."

మాలో ఇంటిపేరు చెబితే మనిషి దొరుకుతాడు. అంతకుమించి నేను అడిగి రాలేదు.

గేటులో మార్టినెజ్ కావాలంటే లోపలికి ఫోన్ చేసినారు. పొడుగాటాయన ఒకరు వచ్చి నమస్కారం పెట్టినాడు. ఎక్కడ విమానానికి పోతాడో అని గబగబా శాలువా కప్పేసి, వెంకటేశు తల్లినన్నాను. సెక్యూరిటీ ఆయన తల గోక్కున్నాడు. ఈయన పెయింటు సెక్షనంట, వెంకటేశును కాపాడిన మార్టినెజ్ వేరేనంట. ఆయన్నూ పిలిపించినాడు. పొట్టిగా, హెల్మెట్ చేత పట్టుకొని వచ్చినాడు. ఇద్దరికీ చుట్టరికం లేదంట, ఊర్లూ వేరేనంట. కప్పిన శాలువా తీయడం మా ఇంట్లో లేదు. తెచ్చింది ఒక్కటే.

"మాలో ఇంటిపేరు ఒకటైతే అన్నదమ్ములే అప్పా. ఇద్దరూ దగ్గరగా నిలబడండి."

సెక్యూరిటీ ఆయన ఇంగ్లీషులో చెప్పినాడు. పొడుగాయన నవ్వి కాస్త వంగినాడు. శాలువా రెండో కొన లాగి ఇంజనీరు భుజం మీద వేసినాను. ఆయన నా చేయి పట్టుకొని, వెంకటేశు వేళ్లు కదులుతున్నాయా అని అడిగించినాడు.

"అయిదూ కదులుతా ఉండాయి నాయనా."

తిరుగు బస్సులో కిటికీ సీటు దొరికింది. ఎప్పుడూ ఏదో ఒకటి పోతుందని భయపడే దాన్ని. ఎవరో బిడ్డ, ఏ దేశమో, మా వాడి చేయి మాకు మిగిల్చినాడు. వాళ్లమ్మ చల్లగా ఉండాలని దారి పొడుగునా అనుకున్నాను. మీరూ ఇట్లా ఫ్యాక్టరీకి పోయేటట్టుంటే, మనిషి పూర్తి పేరు కాగితం మీద రాయించుకొని పోండి. నేను రాయించుకోలేదు. దానికి మాత్రం నాకు బాధ లేదు.