పెంటయ్య కంటే ముందు పుట్టినవాళ్ళు

1998. మాదాపూర్ గుట్టల మధ్య అద్దాల మేడలు లేస్తున్న రోజులు. ఆ పక్కనే ఒక కిరాయి మేడలో మా చిన్న ఆఫీసు. జనాభా లెక్కల నుంచి లైఫ్ ఎక్స్‌పెక్టెన్సీని, అంటే ఇప్పటి చావుల తీరే సాగితే ఇవాళ పుట్టిన బిడ్డ సగటున ఎన్నేళ్ళు బతుకుతుందో అంచనా కట్టడం నా పని. పల్లెల్లో చావులు సరిగా నమోదు కావు. అందుకని ఎంతమంది పుట్టారు, ఎంతమంది ఉన్నారు అని తల్లులు చెప్పేదే మాకు ఆధారం. పసిపిల్లల చావులు తెలిస్తే మిగతా వయసుల సంగతి ఊహించడానికి మోడల్ లైఫ్ టేబుల్ అనే పట్టిక ఉంటుంది.

తెల్లాపూర్ అవతలి కొన్ని పల్లెల ఫలితం చూసి నోరు తెరిచాను. నగరం కంటే అక్కడే ఆయుష్షు ఎక్కువట! మా పెద్దాయన మూర్తి గారు మహా సంబరపడ్డారు.

"పల్లె గాలి మహిమమ్మా! అక్కడి నర్సు పోస్టు వేరేచోటికి మార్చవచ్చని రాసేద్దాం."

ఆ గాలి మీద ఆయనకున్న నమ్మకం నాకు లేదు. "ఒకసారి చూసొస్తానండి," అని బస్సెక్కాను.

మొదట వెళ్ళింది మల్లమ్మ ఇంటికి. నెలలు నిండిన కోడలు అరుగు మీద కూర్చుని చిక్కుళ్ళు తుంచుతోంది.

"నాకిద్దరే మేడం. ఒక కొడుకు, ఒక బిడ్డ. ఇద్దరూ మంచిగున్నరు," అంది మల్లమ్మ. అని లోపలున్న కొడుకును కేకేసింది. "ఓ పెంటయ్యా! మేడంకు కుర్చీ తే రా!"

నేను ఆ పేరు దగ్గరే ఆగాను. పుట్టినవాళ్ళు దక్కని ఇంట్లో తర్వాతి బిడ్డను పెంటకుప్ప మీద పడుకోబెట్టి తెచ్చుకుని, ఆ పేరే పెట్టడం మా కోస్తాలోనూ ఉంది. చావు కూడా అసహ్యించుకుని వదిలేస్తుందని ఆశ.

"పెంటయ్య కంటే ముందు ఎవరైనా పుట్టారామ్మా?"

మల్లమ్మ కోడలి ముందున్న చిక్కుళ్ళలోంచి ఒకటి తీసుకుని తుంచింది.

"పుట్టిండ్రు. నలుగురు. దక్కలే."

"మరి ఇద్దరేనన్నారు?"

"పేరు గూడ పెట్టకముందే పోయిండ్రు. వాళ్లను ఎట్ల చెప్పుకుంట? ఎవరూ అడగలే గూడ."

కోడలు చిక్కుళ్ళు పక్కకు నెట్టింది. "నలుగురా, అత్తమ్మా? నాకెన్నడూ చెప్పకపోతివి!"

 ఆ పిల్ల పొట్ట మీద చెయ్యి వేసుకుని నా వైపు తిరిగింది. "నర్సమ్మ ఈడనే ఉంటది కదా, మేడం?"

"ఉంటుందమ్మా," అన్నాను. నర్సును మార్చవచ్చని రాసిన కాగితం మూర్తి గారి బల్ల మీద ఉన్న సంగతి గుర్తొచ్చింది. తర్వాతి ఇళ్ళలో నేనే గుచ్చిగుచ్చి అడిగాను. చాలాచోట్ల అదే కథ. ఎవరూ చెప్పని ఆ చావులు లెక్కకు రాకే ఆ పల్లెల ఆయుష్షు అంత పెరిగింది.

ఆఫీసుకొచ్చి కోపంతో, ఏడుపుతో అంతా చెప్పాను. మూర్తి గారు నర్సు గురించిన వాక్యం కొట్టేశారు. కలానికి మూత పెట్టి పక్కన పెట్టారు.

ఫలితం మరీ బాగుంటే ముందు భయపడాలని నేను నేర్చుకున్నది ఆ రోజే. ఆయన నేర్చుకున్నది వేరు.

"మా పెద్దన్నయ్య పేరూ పెంటయ్యేనమ్మా," అన్నారు. "అమ్మ పోయేదాకా ఆమె దగ్గరే ఉన్నాను. ఒక్కసారీ అడగలేదు."