గంగన్నలందరూ ఒక్కటైన పొద్దు

పసుపు వచ్చే కాలంలో ఆర్మూర్‌లో వెలుగుకు కూడా రంగు అంటుకుంటుంది. పొద్దున్నే వేలం హాలు తలుపులు తీయగానే సన్నటి దుమ్ము లేచి, కిటికీలోంచి పడే ఎండలో ఈదుతుంది. అక్కడ బస్తాకు ఆనుకుని కూర్చుంటే మెలకువకూ కలకూ మధ్య గోడ పల్చబడుతుంది. మిరప ఊళ్లూ చూశాను, బెల్లం ఊళ్లూ చూశాను. మిరప ఊరు కన్ను మూయనివ్వదు, పసుపు ఊరు జోకొడుతుంది. స్వర్ణలతను నేను మొదట చూసింది ఆ జోలలోనే. హాలు మూలన గాజు గదిలో, నీళ్ల అడుగున కూర్చున్న మనిషిలా కనిపించింది.

పుట్టింది భీమ్‌గల్, మెట్టింది ఆర్మూర్. పాలిటెక్నిక్ చదివి, బస్టాండు వెనక నెట్ కనెక్షన్ల దుకాణం పెట్టుకుంది. ఈ ప్రైవేటు వేలం హాలు పనే ఆ దుకాణానికి ఊపిరి. ఇక్కడి వ్యాపారులు కేకలు పెట్టి పాడరు. ఎవరి ల్యాప్‌టాప్ ముందు వాళ్లు కూర్చుని ధర కొడతారు. ఒకరి పేరు మీద ఇంకొకరు కొట్టకుండా కాపలా కాసేది ఫైర్‌వాల్ అనే చిన్న పెట్టె.

ఆ కాపలా సంగతి చాయ్ తాగుతూ ఆమే చెప్పింది. ప్రతి ల్యాప్‌టాప్‌కూ రెండు గుర్తులుంటాయి. ఒకటి హాలు ఇచ్చిన అంకెల చిరునామా, అది మారొచ్చు. రెండోది ఫ్యాక్టరీలో పుట్టినప్పుడే పడిన నంబరు. ఈ రెంటినీ ఫైర్‌వాల్‌లో ముడివేస్తారు. ముడి లేని యంత్రాన్ని పెట్టె గడప తొక్కనివ్వదు. వింటుంటే నాకు పాత శాసనాలు గుర్తొచ్చాయి. దానం చేసినవాడి పేరొక్కటే చెక్కి ఊరుకోలేదు వాళ్లు. తండ్రి పేరూ ఊరి పేరూ ముడివేశాకే మనిషి రాతిమీద నిలిచాడు. రాళ్ల కబుర్లు మొదలుపెడితే నాకు అంతుండదు గానీ, మళ్లీ హాల్లోకి వద్దాం.

ఏళ్లుగా ఆ ముడులన్నీ స్వర్ణలత చేత్తోనే వేసింది. వ్యాపారి యంత్రం మార్చినప్పుడల్లా పాత ముడి విప్పాలి, కొత్తది వేయాలి. ఒక్కోసారి ఆలస్యమై వేలం నిలిచిపోయేది. హాలు మేనేజరు దేవిదాస్‌కు ఓపిక పోయింది.

"గీసారి సీజన్ మొదటి పొద్దే వేలం ఆగిందనుకో, పని హైదరాబాద్ కంపెనోళ్లకు ఇచ్చేస్త బిడ్డా. మల్ల నన్ననొద్దు."

అందుకని ఆమె ఒక ప్రోగ్రాం రాసింది. వ్యాపారుల వివరాలు అదే చదువుకుని, ముడులన్నీ అదే వేసేస్తుంది. ముందురోజు సాయంత్రం నడిపి చూస్తే ఎక్కడా తప్పు చూపలేదు.

మొదటి పొద్దున హాల్లో చాలా తెరలు తెల్లబోయి ఉన్నాయి.

"ఏందమ్మా స్వర్ణా, నా డబ్బా నన్నే లోపటికి రానిస్తలేదు!" మోర్తాడ్ వ్యాపారి గంగాదాస్ గాజు తలుపు తట్టాడు.

"నిన్ను మీ ఇంట్లనే రానియ్యరు, డబ్బా ఏం రానిస్తది!" అని నవ్వాడు పక్క బల్ల గంగాప్రసాద్. "నాదైతే మస్తు నడుస్తుంది."

తన కుప్ప పక్కన కూర్చున్న రైతు లసుమవ్వ ఊరుకోలేదు. "మీ డబ్బాలు లేసేసరికి నా ఎండిన పసుపుకు మొలకలొస్తయి గదరా!"

దేవిదాస్ ఫోన్ తీసి హైదరాబాద్ నంబరు వెతకసాగాడు. గాజులోంచి అది చూసి స్వర్ణలత తీగలు పీకి పెట్టింది, పెట్టెను ఆపి మళ్లీ వేసింది. లాభం లేదు. ఒక్క ల్యాప్‌టాప్ దగ్గర పెట్టుకుని చూద్దామని తలుపు తెరిచి గంగాదాస్‌ను పిలిచింది.

"గంగన్నా, జర గిటు రా!"

పసుపు ఎండలో ఒక్కసారిగా బోలెడు తలలు తిరిగాయి.

"నన్నా?" అన్నాడు బాల్కొండ గంగాధర్.

"ఏ గంగన్నను?" అంది ఇంకో గొంతు. "గీడ అందరం గంగన్నలమే!"

గోదావరిని ఇక్కడ గంగ అంటారు. గంగకు మొక్కుకుని కన్నవాళ్లు పిల్లలకు గంగ పేరే పెట్టుకుంటారు. ఆ క్షణంలో హాలు నాకు నదిలా కనిపించింది. ఇన్ని పాయలు, ఒక్కటే పేరు.

స్వర్ణలత తలుపు పట్టుకుని అలాగే నిలబడింది. తర్వాత నవ్వింది. ప్రతి ముడికీ ఒక చిన్న పేరు కావాలి కదా, వ్యాపారి పేరులోంచి మొదటి అయిదు ఇంగ్లిషు అక్షరాలు తీసుకోమని ప్రోగ్రాంకు తనే చెప్పి పెట్టింది. గంగాధరైనా గంగాదాసైనా కత్తిరిస్తే మిగిలేది గంగే. ఒకే పేరుతో రెండు ముడులు నిలవవు గనక, ఒక గంగ ముడి పడగానే ముందటి గంగ ముడి చెరిగిపోయింది. వరసలో చివర ఉన్న గంగాప్రసాద్ ఒక్కడు మిగిలాడు. చేత్తో వేసినన్నాళ్లూ ఒకరికి బాల్కొండ అనీ ఒకరికి మోర్తాడ్ అనీ ఊరి పేరు కలిపి ఆమె వేళ్లు వాటంతటవే కొట్టేవి. వేళ్లకు తెలిసిన ఆ సంగతి ప్రోగ్రాంకు చెప్పాలని ఆమెకు తోచలేదు.

"సారూ, ఫోన్ జర ఆపుర్రి. దొరికింది!"

"ఏం దొరికింది?"

"గంగ!"

మనుషుల పేర్లు పక్కన గుర్తుకోసం వదిలేసి, ముడికి చిరునామాలోని చివరి సంఖ్యనే పేరుగా పెట్టింది. అది ఏ ఇద్దరికీ ఒకటి కాదు. మళ్లీ నడిపింది. ఒక్కొక్క తెరా కళ్లు తెరిచింది. గంగాదాస్ మొదటి ధర లసుమవ్వ కుప్పకే కొట్టాడు.

దేవిదాస్ ఫోన్ జేబులో పెట్టుకుని గాజు గది దగ్గరికొచ్చాడు. "రేపు పొద్దుగాల నువ్వు రావద్దు."

ఆమె గబుక్కున లేచింది. "సరిచేసిన గద సారూ..."

"అందుకే చెప్తున్న. పని నీదే బిడ్డా. నువ్వు రాకున్నా నడుస్తది గద ఇగ? ఇంట్ల పండుకో. ఏమన్నయితే ఫోన్ చేస్త."

"చేస్తే చేయి గని సారూ, గంగన్న డబ్బా ఆగిందని మాత్రం చెప్పకు!" అన్నాడు గంగాదాస్.

మర్నాడు పొద్దున వెళ్లాను. హాలు నిండా ధరలు నడుస్తున్నాయి. గాజు గదిలో ఎవరూ లేరు. పెట్టె మీద చిన్న పచ్చదీపం రెప్పలార్పుతోంది. ఆమె కుర్చీ మీద, ఇన్నేళ్లలో మొదటిసారి, పసుపు దుమ్ము తీరిగ్గా వాలుతోంది.