భీమాబాయి తుంటిలో ఉన్నది

పందొమ్మిది వందల ఎనభై మూడులో భీమాబాయి మద్రాసు నుంచి కొత్త తుంటితో ఆదోనికి తిరిగివచ్చింది. అరిగిపోయిన కీలు తీసేసి మరొకటి అమర్చారు. పళ్లు కట్టించుకున్నవాళ్లను ఆ వీధి చూసింది గాని, తుంటి కట్టించుకున్న మనిషిని చూడటం అదే మొదలు.

వచ్చినవాళ్లు ముందు క్షేమం అడిగేవారు. తరువాత వాళ్ల చూపు నడుము కిందికి జారేది. అక్కడ చీర తప్ప ఏమీ కనపడదు. మజ్జిగ తాగి వెళ్లిపోయేవారు.

ఆకుకూరలమ్మే ఉచ్చీరమ్మ మాత్రం గంప దింపి సూటిగా అడిగింది.

“లోపల ఏమేసినారమ్మా?”

“ఏదో గట్టిది వేసినారు.”

“గట్టిదంటే?”

“డాక్టరు ఇంగ్లీషులో చెప్పినాడు. మా వారు విన్నారు. నేను మత్తులో ఉంటిని.”

“మా ఆస్పరి పక్కన ఒగాయనకు మేక ఎముక ఏసినారంట. గుట్ట ఎక్కేటప్పుడు అందరికన్నా ముందర ఉరుకుతాడంట.”

భీమాబాయి నవ్వింది. ఉచ్చీరమ్మ వెళ్లిపోయాక ఆ నవ్వు సగంలో ఆగింది.

సాయంత్రం భర్తను అడిగింది. సేతుమాధవరావు హైస్కూల్లో సంస్కృతం పండితుడు. “ఇనుమే అయి ఉంటుంది. ఇంకేముంటుంది?” అన్నాడు. మద్రాసులో ఆయన అడిగింది ఒకటే, ఈమె నడుస్తుందా అని. నడుస్తుందన్నారు. తక్కినదేదీ ఆయన చెవికి ఎక్కలేదు.

నడక వచ్చింది. నేల మీద కూర్చోకూడదు, వంగకూడదు, కాలు మీద కాలు వేయకూడదు. నిలబడి పని చేసుకోవచ్చు. ఆ ఇంట్లో పొయ్యి నేల మీద ఉండేది. అందుకని సేతుమాధవరావు మేస్త్రీ శేషప్పను పిలిపించి, వంటింట్లో నాపరాయి పరిచి ఎత్తుగా గట్టు కట్టించాడు. పెళ్లయి వచ్చిన నాటి నుంచి దేవుడికి నైవేద్యం ఆమె చేతి మీదుగానే జరిగింది. ఆపరేషన్ అయినప్పటి నుంచి ఆయనే తడిబట్ట కట్టుకుని మడితో వండుతున్నాడు. ఆయన చారు ఒక రోజు ఉప్పు, ఒక రోజు నీళ్లు. గట్టు ఆరగానే భీమాబాయి వంటింట్లోకి వస్తుందని ఇద్దరూ ఎదురుచూస్తున్నారు.

ఇంతలో అయస్కాంతం వచ్చింది.

పక్కింటి మేరి రవికలు కుడుతుంది. మధ్యాహ్నం కుట్టుపని పట్టుకుని భీమాబాయి దగ్గరకు వచ్చి కూర్చుంటుంది. కిందపడిన సూదులు ఏరడానికి ఆమె దగ్గర గుర్రపు నాడా లాంటి చిన్న అయస్కాంతం ఉంది. భీమాబాయి దాన్ని కాసేపు చూసింది.

“ఒకసారి ఇట్లా ఇయ్యి.”

తీసుకుని తుంటి మీద ఆనించి వదిలింది. ఒళ్లో పడింది. మళ్లీ ఆనించింది. మళ్లీ పడింది.

“నువ్వేమన్నా సూదివా భీమక్కా?” అంది మేరి.

భీమాబాయి నవ్వలేదు. ఇనుము కాదు. ఇనుము కాకపోతే మిగిలింది మేక.

మర్నాడు గట్టు ఆరింది. సేతుమాధవరావు పిలిచాడు. నొప్పిగా ఉందని చెప్పి ఆమె వీధి గదిలోనే కూర్చుండిపోయింది. నొప్పి లేదు. మడి అంటే స్నానంతో వచ్చేది. ఎన్ని బిందెలు పోసుకున్నా తడిచేది పైన చర్మమే. లోపలిదాన్ని ఏ నీళ్లతో కడగాలి? దేవుడి గది వైపు వెళ్లడం మానింది. నడక కూడా మానింది. ఎవరితోనూ అనలేదు.

విచిత్రం ఏమిటంటే, ఆ మేక మీద ఆమెకు అసహ్యం పుట్టలేదు. అది ఏ ఊరి మేక, ఏ గుట్టల్లో మేసింది, తెల్లదా నల్లదా అని ఆలోచన పోయేది. నిద్రలో కాలు కదిలితే, ఇది నేనా అదా అనుకునేది.

మేరి కనిపెట్టింది. “నడిచేది ఎందుకు మానినావు?”

భీమాబాయి చెప్పింది. మేరి సూది పక్కన పెట్టి మొత్తం విన్నది.

“డాక్టరును అడిగితే తెలుస్తాది గదా. ఏం పోతాది?”

“ఇక్కడ వద్దు. ఈడ అడిగితే సాయంత్రానికి ఉచ్చీరమ్మ గంపలో ఉంటాది.”

మేరి గుడ్డలు కొనడానికి ఎమ్మిగనూరు పోతూ ఉంటుంది. అక్కడ ఎముకల డాక్టరు ఒకాయన కొత్తగా వచ్చాడు. కాలు చూపించుకుని వస్తానని భర్తకు చెప్పి భీమాబాయి బస్సెక్కింది. సీటు పల్లంగా ఉంటే మేరి దుప్పటి మడిచి ఎత్తు వేసింది.

డాక్టరు కుర్రవాడు. ఎక్స్‌రే తీయించి వెలుతురుకు ఎత్తి చూశాడు. బాగా కుదురుకుంది, నడక మానవద్దు అన్నాడు.

“అది మేకదా?” అని అడిగింది భీమాబాయి.

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. “స్టీలు అమ్మా. మీ ఇంట్లో గిన్నెలున్నట్టు. కాకపోతే మరీ గట్టిది.”

“అయస్కాంతానికి అంటుకోలేదు.”

“స్టీలు గిన్నెకు మాత్రం అంటుకుంటుందా?”

“మాకు స్టీలు గిన్నెలు లేవు.”

మళ్లీ అడిగింది. “నన్ను కాల్చినాక అదేమవుతుంది?”

“కాలదు. మిగులుతుంది.”

“అయితే ముందే చెప్పిపెట్టాల. బూడిద ఎత్తేవాళ్లు జడుసుకుంటారు.”

తిరుగు బస్సులో మేరి అంది, “ఇంకేం, మేక పోయింది. వంటింట్లోకి పో.”

“స్టీలు కూడా పనికిరాదు.”

“అదేమి?”

“మా అత్త పెట్టిన పద్ధతి. ఇత్తడి, కంచు, రాచిప్ప. స్టీలుకు మడి లేదు. మా వంటింట్లోకి ఒక చెంచా కూడా రాలేదు.”

మేరి కిటికీ బయటి పత్తి చేల వైపు చూసింది. “మీ అత్త తుంటి మార్పించుకోలేదు గదా,” అంది.

అత్తకు ఇది జరిగి ఉంటే ఏం చేసేదో భీమాబాయి ఊహించడానికి ప్రయత్నించింది. కాలు ఈడ్చుకుంటూ గదిలో ఉండిపోయేదా? ఆమె అలా ఉండిపోయే మనిషి కాదు. ఆదోని వచ్చేవరకూ అదే ఆలోచించింది.

మర్నాడు పొద్దున్నే ఎత్తుపీట మీద కూర్చుని తలమీదుగా నీళ్లు పోసుకుంది. దండెం మీది మడిచీర కర్రతో దింపి కట్టుకుంది. చేతికర్ర ఆనించుకుంటూ వంటింటి వైపు నడిచింది. రాత్రి ఆమె వచ్చేసరికే నిద్రపోయిన సేతుమాధవరావు అప్పుడే లేచి, స్నానానికి పోబోతూ గుమ్మంలో ఉన్నాడు.

“డాక్టరు ఏమన్నాడు? లోపల ఉండేది ఏందో తెలిసిందా?”

“స్టీలు.”

ఆ ఇంటి పద్ధతి ఆయనకూ తెలుసు. కొంచెంసేపు పైకప్పు వైపు చూసి, “ఒకసారి గ్రంథం చూస్తే…” అన్నాడు.

“చూడండి. అంతలోగా అన్నం ఉడుకుతుంది. దోవ ఇవ్వండి.”

స్నానం కాని మనిషి మడిలో ఉన్నవాళ్లకు తగలకూడదు. సేతుమాధవరావు భుజం మీది తువ్వాలు దగ్గరకు లాక్కుని, ఆమె చీర అంచు కూడా తనకు తగలకుండా గోడకు అంటుకుని నిలబడ్డాడు.

ఆమె లోపలికి వెళ్లింది.