కొనేవాడు లేని షేరు

రైల్వేలో కరెంటు పని చేసినన్నాళ్లూ సర్క్యూట్ అంటే నాకు భయం లేదు. ఎక్కడ తెగిందో వెతికి కలపడమే నా ఉద్యోగం. రిటైరయ్యాక ఒకరోజు మెట్టుగూడలో మా ఇంటికొచ్చిన బావమరిది, ఫోన్లో ఒక చిన్న కంపెనీ షేరు చూపించాడు.

"రెండు రూపాయలే బావా, చాయ్ కన్నా సస్త. జెర ఎక్కువనే తీస్కో."

సబ్బు కొన్నా వెనక్కి తిప్పి చదివే మనిషిని, ఆ కంపెనీ ఏం తయారు చేస్తుందని కూడా అడగలేదు. వేలల్లో కొన్నాను.

వారం పాటు రోజూ అప్పర్ సర్క్యూట్. అంటే ఆ రోజుకి పెరగగలిగినంతా పెరిగిందని. తెలిసినవాళ్లందరికీ ఫోన్లు చేసి మరీ గొప్పలు చెప్పాను. తర్వాత లోయర్ సర్క్యూట్ మొదలైంది. పొద్దున మార్కెట్ తెరవగానే పడగలిగినంతా పడేది. అమ్మకానికి పెడితే కొనేవాడు ఒక్కడూ లేడు. షేర్లు నా పేరు మీదే ఉన్నాయి, ధరా కనిపిస్తోంది, బయటపడే దారి మాత్రం లేదు. ఈ సర్క్యూట్ ఎక్కడ తెగిందో నాకు అంతుపట్టలేదు.

అయిదో రోజు తిరుమలగిరి నుంచి నాతో పనిచేసిన ఒకతను ఫోన్ చేశాడు.

"అన్నా, నువ్వు చెప్పిన షేరు ఇంకా సస్త అయ్యింది గదా. ఇప్పుడు తీస్కోమంటవా?"

అయిదు రోజులుగా నేను వెతుకుతున్న కొనేవాడు దొరికాడు. నా నోట్లోంచి ఏం మాట వస్తుందోనని నాకే భయమేసింది.